ఎఫ్‌పీఎస్‌కి పగ్గం వెయ్యడమే అసలు సెట్టింగ్

పీసీలో గేమ్స్ ఆడేవాళ్ళలో చాలామందికి ఒక అలవాటు ఉంటుంది. కొత్త గేమ్ ఇన్‌స్టాల్ కాగానే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వీ-సింక్ (ఫ్రేముల్ని తెర వేగంతో కలిపి నడిపే సెట్టింగ్) ఆపేస్తారు, ఫ్రేమ్ లిమిట్ ఏదైనా ఉంటే తీసేస్తారు, తెర మూలన ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, వస్తున్నాయో చెప్పే) మీటర్ పెట్టుకుంటారు. ఆ మీటర్లో అంకె ఎంత పెరిగితే గేమ్ అంత బాగా నడుస్తున్నట్టు లెక్క. ఈ లెక్క తప్పని నా వాదన. మానిటర్ చూపించగలిగినదానికన్నా కాస్త కింద, మీ గ్రాఫిక్స్ కార్డు ఆయాసపడకుండా ఇవ్వగలిగినంత దగ్గర ఫ్రేమ్ రేట్‌ని ఆపి ఉంచితే, అదే కార్డు, అదే మానిటర్ మీద గేమ్ ఇంకా నున్నగా నడుస్తుంది, మౌస్ ఇంకా త్వరగా పలుకుతుంది, ఫ్యాన్ల మోత తగ్గుతుంది. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. కాకపోతే ఎక్కడ ఆపాలి, దేనితో ఆపాలి, అంతకుముందు ఏమేం సరిచూసుకోవాలి అన్నది తెలిసి చెయ్యాలి.

మీటర్ చెప్పని సంగతి

ఒక సెకనులో 90 ఫ్రేములు వచ్చాయనుకుందాం. వాటిలో 89 ఫ్రేములు ఒక్కోటి 10 మిల్లీసెకన్లలో తయారయ్యాయి. మిగిలిన ఒక్కటి మాత్రం 110 మిల్లీసెకన్లు తీసుకుంది. మొత్తం సరిగ్గా 1000 మిల్లీసెకన్లు, అంటే మీటర్ ‘90’ అని చూపిస్తుంది. కానీ ఆడుతున్న మనిషికి కనబడేది ఆ 110 మిల్లీసెకన్ల కుదుపే. తల తిప్పుతుండగా బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్ళీ కదులుతుంది. మరో మెషిన్ మీద అదే గేమ్ 70 దగ్గరే నడుస్తూ, ప్రతి ఫ్రేమూ 14 మిల్లీసెకన్ల చుట్టుపక్కలే వస్తుంటే, ఆ 70 ఈ 90 కన్నా చేతికీ కంటికీ హాయిగా ఉంటుంది.

అందుకే అంకెకి బదులు ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ పెట్టుకోండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే రివాట్యూనర్ స్టాటిస్టిక్స్ సర్వర్, అందరూ ఆర్‌టీఎస్‌ఎస్ అని పిలిచేది, ఈ గ్రాఫ్‌ని గేమ్ మీదే గీసి చూపిస్తుంది. ఆఫ్టర్‌బర్నర్ సెట్టింగ్స్‌లో ‘మానిటరింగ్’ ట్యాబ్‌కి వెళ్ళి ‘ఫ్రేమ్‌టైమ్’ని ఎంచుకుని, ‘షో ఇన్ ఆన్-స్క్రీన్ డిస్‌ప్లే’ టిక్ చేసి, పక్కన టెక్స్ట్‌కి బదులు గ్రాఫ్ అని పెడితే చాలు. గీత బల్లపరుపుగా ఉంటే మంచిది. రంపపు పళ్ళలా ఉంటే సగటు ఎంత ఎక్కువైనా లాభం లేదు. పనిలో పనిగా జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం శాతాన్ని కూడా తెర మీదికి తెచ్చుకోండి, ముందుముందు దానితో పని పడుతుంది.

హెర్ట్జ్‌ని, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు కొత్త బొమ్మ గీస్తుందో ఆ లెక్కని, కూడా మిల్లీసెకన్లలోకి మార్చుకుని చూస్తే చాలా భ్రమలు పోతాయి. 60 హెర్ట్జ్ తెర 16.67 మిల్లీసెకన్లకోసారి కొత్త బొమ్మ గీస్తుంది, 144 హెర్ట్జ్ తెర 6.94కి, 240 హెర్ట్జ్ తెర 4.17కి, 360 హెర్ట్జ్ తెర 2.78కి. అంటే 60 నుంచి 144కి వెళ్తే ఫ్రేముకి దాదాపు 9.7 మిల్లీసెకన్లు కలిసొస్తాయి, 240 నుంచి 360కి వెళ్తే కలిసొచ్చేది 1.4 మాత్రమే. మొదటి మార్పు ఎవరికైనా కనిపిస్తుంది. రెండోదాని కోసం గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అన్నీ అడుగుకి దించుకుని బొమ్మని పాడుచేసుకోవడం చాలామందికి గిట్టుబాటు కాని బేరం.

ముందు మానిటర్ ఎన్ని హెర్ట్జ్‌లో ఉందో చూడండి

144 లేదా 165 హెర్ట్జ్ మానిటర్ కొని, దాన్ని నెలల తరబడి 60లోనే నడిపేవాళ్ళు తక్కువేం కాదు. కొత్త మానిటర్ తగిలించినప్పుడు విండోస్ తరచుగా 60 దగ్గరే ఆగిపోతుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అనే దారిలో వెళ్తే ‘చూజ్ ఎ రిఫ్రెష్ రేట్’ కనిపిస్తుంది. రెండు మానిటర్లుంటే పైన సరైనదాన్ని ఎంచుకున్నారో లేదో చూసుకోండి.

ఆ జాబితాలో మీ మానిటర్ గరిష్ఠ రేటు అసలు కనబడకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ కేబుల్ దగ్గరో పోర్ట్ దగ్గరో ఉంటుంది. మొదట సీపీయూ డబ్బా వెనక చూడండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డు పోర్ట్‌కి తగిలించి ఉంటే కార్డు ఉన్నా దాని పోర్టులు వృథా. తర్వాత ఏ కనెక్షన్ వాడుతున్నారో చూడండి. హెచ్‌డీఎంఐ 1.4 మీద 1080పీకి 120 హెర్ట్జ్ దాకానే భరోసా. హెచ్‌డీఎంఐ 2.0 మీద 1440పీలో 144 వస్తుంది కానీ 4కేలో పూర్తి రంగుతో 60 దగ్గర ఆగిపోతుంది. 4కేలో 120 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.4 గానీ ఉండాలి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయితే 1440పీకి 144, 165 దాకా సరిపోతుంది. చాలా మానిటర్లలో హెచ్‌డీఎంఐ పోర్ట్ డిస్‌ప్లేపోర్ట్ కన్నా పాత తరానిది పెడతారు, కాబట్టి స్పెక్ షీట్లో పెద్ద అక్షరాలతో వేసిన రేటు డిస్‌ప్లేపోర్ట్ మీద మాత్రమే రావచ్చు. మాన్యువల్లో పోర్ట్ వారీగా రాసిన పట్టిక చూడండి.

కొన్ని మానిటర్ల సొంత మెనూలో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ ఎంచుకునే వీలుంటుంది. అది పాత వెర్షన్లో ఉండిపోతే ఎంత మంచి కేబుల్ వేసినా ఎక్కువ హెర్ట్జ్ కనబడవు. ఇంకొన్నిటిలో 165 కోసం ‘ఓవర్‌క్లాక్’ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యాలి. ఎక్కువ హెర్ట్జ్ ఎంచుకున్నాక తెర అప్పుడప్పుడు ఒక సెకను నల్లబడి వస్తున్నా, చిన్న చిన్న మెరుపు చుక్కలు కనిపిస్తున్నా, కేబుల్ ఆ వేగాన్ని మోయలేకపోతోందని అర్థం. పొట్టిదీ నాణ్యమైనదీ వేస్తే పోతుంది.

ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ ‘చేంజ్ రిజల్యూషన్’ పేజీలో ఇంకో చిక్కుంది. అక్కడ రిజల్యూషన్లు రెండు గుంపులుగా ఉంటాయి. పైన టీవీల కోసం ‘అల్ట్రా హెచ్‌డీ, హెచ్‌డీ, ఎస్‌డీ’, కింద ‘పీసీ’. పై గుంపులో 1920 బై 1080 ఎంచుకుని, 144 లేదేమని కంగారు పడతారు. కిందికి జరిగి పీసీ గుంపులో అదే రిజల్యూషన్ ఎంచుకుంటే ఎక్కువ రేట్లు కనిపిస్తాయి.

ఇంత చేసినా గేమ్ తన సొంత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ పెట్టుకుని ఉండొచ్చు. ఫుల్‌స్క్రీన్‌లో నడిచే పాత గేముల్లో ఇది మామూలే. గేమ్ నడుస్తుండగా మానిటర్ మెనూ తెరిచి అక్కడ చూపించే రేటు చదవండి. విండోస్ చెప్పేదానికన్నా, గేమ్ చెప్పేదానికన్నా మానిటర్ చెప్పేదే నమ్మదగ్గది.

హద్దు ఎక్కడ పెట్టాలి

మానిటరూ గ్రాఫిక్స్ కార్డూ ఎవరి తాళంలో అవి నడుస్తాయి. తెర ఒక బొమ్మని పై నుంచి కిందికి గీస్తుండగా మధ్యలో కార్డు కొత్త ఫ్రేమ్ అందిస్తే, పై సగం పాత ఫ్రేమ్, కింది సగం కొత్త ఫ్రేమ్ కనిపిస్తాయి. ఇదే టియరింగ్. వీ-సింక్ దీన్ని ఆపుతుంది, కానీ ప్రతి ఫ్రేమ్‌నీ తెర తర్వాతి వంతు దాకా కూర్చోబెడుతుంది. కార్డు తెర కన్నా వేగంగా ఉంటే ఫ్రేములు వరుసకట్టి, మౌస్ కదిలించినదానికీ తెర మీద కదలికకీ మధ్య ఎడం పెరుగుతుంది. కార్డు నెమ్మదిగా ఉంటే ఇంకో బాధ. డబుల్ బఫరింగ్‌తో నడిచే వీ-సింక్‌లో 60 హెర్ట్జ్ తెర మీద కార్డు 58 మాత్రమే ఇవ్వగలిగితే, 16.67 మిల్లీసెకన్ల వంతు తప్పిపోయిన ప్రతి ఫ్రేమూ తర్వాతి వంతు దాకా ఆగాలి కాబట్టి వేగం ఒక్కసారిగా 30కి పడిపోతుంది.

ఈ రెండు బాధలకీ మందు వేరియబుల్ రిఫ్రెష్ రేట్, క్లుప్తంగా వీఆర్ఆర్. తెరే కార్డు కోసం ఆగి, ఫ్రేమ్ రాగానే గీస్తుంది. ఎన్‌విడియా 2013లో జీ-సింక్‌ని ప్రకటించింది. డిస్‌ప్లే ప్రమాణాలు తయారుచేసే వెసా సంస్థ 2014లో డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏలో అడాప్టివ్-సింక్‌ని చేర్చింది. ఏఎండీ ఫ్రీసింక్ దాని మీదే నడుస్తుంది. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా అడాప్టివ్-సింక్ మానిటర్లతో పనిచేస్తున్నాయి. కాబట్టి ఇవాళ ఏ గేమింగ్ మానిటర్ తీసుకున్నా దాదాపుగా ఇది ఉంటుంది. ఉన్నా చాలామంది దాన్ని సగమే వాడుతున్నారు, ఎందుకంటే వీఆర్ఆర్ పనిచేసేది ఒక పరిధి లోపలే. మానిటర్ పరిధి 48 నుంచి 144 అయితే, ఫ్రేమ్ రేట్ 144 దాటిన క్షణం వీఆర్ఆర్ పక్కకి తప్పుకుంటుంది. అక్కడి నుంచి వీ-సింక్ ఆన్‌లో ఉంటే ఎడం పెరుగుతుంది, ఆఫ్‌లో ఉంటే టియరింగ్ వస్తుంది. హద్దు లేకుండా వదిలేసినవాళ్ళు ఆకాశం వైపు చూసిన ప్రతిసారీ, లోడింగ్ తెర వచ్చిన ప్రతిసారీ ఈ గోడ దాటుతూ ఉంటారు.

అందుకే హద్దు తెర గరిష్ఠానికి కనీసం మూడు ఫ్రేముల కింద ఉండాలి. 144కి 141, 165కి 162, 240కి 237. సరిగ్గా 144 అని ఎందుకు పెట్టకూడదంటే, ఏ లిమిటరూ గడియారంలా ఖచ్చితంగా ఉండదు. సగటు 144 అయినా కొన్ని ఫ్రేములు 6.94 కన్నా ముందే తయారై గోడని తాకుతాయి. మౌస్ ఎడం తగ్గించే ఎన్‌విడియా రిఫ్లెక్స్ ఉన్న గేముల్లో జీ-సింక్, వీ-సింక్, రిఫ్లెక్స్ మూడూ ఆన్‌లో ఉంటే హద్దు దానంతటదే పడుతుంది. అది ఇంకా కిందికి ఉంటుంది, 120 తెరకి సుమారు 116, 144కి 138, 240కి 224 చుట్టుపక్కల. ఎక్కువ వేగాల దగ్గర ఒక ఫ్రేమ్ అటూ ఇటూ అయ్యే వ్యవధి మరీ తక్కువ కాబట్టి ఆ జాగ్రత్త సమంజసమే. మీరు చేత్తో పెట్టుకునేటప్పుడు కూడా ఈ అంకెలే వాడుకోవచ్చు.

ఎన్‌విడియా కార్డుకి నేను సిఫారసు చేసే అమరిక ఇది. మానిటర్ మెనూలో ఫ్రీసింక్ లేదా అడాప్టివ్-సింక్ ఆన్ చెయ్యండి. ఇది ఆఫ్‌లో ఉంటే డ్రైవర్‌కి మానిటర్ వీఆర్ఆర్‌దని తెలియదు, జీ-సింక్ పేజీ కూడా కనిపించదు. కంట్రోల్ ప్యానెల్లో ‘సెటప్ జీ-సింక్’లో ఎనేబుల్ చెయ్యండి. మీ మానిటర్ ఎన్‌విడియా పరీక్షించిన జాబితాలో లేకపోతే, అదే పేజీ కింది భాగంలో ఎంచుకున్న డిస్‌ప్లే మోడల్ కోసం సెట్టింగ్స్ ఎనేబుల్ చేసే గడిని కూడా టిక్ చెయ్యాలి. తర్వాత ‘మేనేజ్ 3డీ సెట్టింగ్స్’లో వర్టికల్ సింక్ ఆన్. గేమ్ లోపల వీ-సింక్ ఆఫ్. ఆపైన హద్దు.

ఇక్కడ వీ-సింక్ ఆన్ అనగానే చాలామంది ఎగిరిపడతారు. వీఆర్ఆర్ పరిధి లోపల ఉన్నంతసేపూ అది మామూలు వీ-సింక్‌లా ఫ్రేముల్ని క్యూలో నిలబెట్టదు. ఫ్రేమ్ టైమ్ ఒక్కసారిగా మారినప్పుడు తెర అడుగున చిన్న టియర్ గీత పడకుండా సర్దుతుంది, అంతే. హద్దు కింద ఉంటే దాని వల్ల చెప్పుకోదగ్గ ఎడం రాదు. ఏఎండీ కార్డైతే దాని సాఫ్ట్‌వేర్ అడ్రినలిన్‌లో డిస్‌ప్లే పేజీలో ఫ్రీసింక్, గ్రాఫిక్స్ పేజీలో ‘వెయిట్ ఫర్ వర్టికల్ రిఫ్రెష్’ ఉంటాయి. సూత్రం ఒకటే.

వీఆర్ఆర్ నిజంగా పనిచేస్తోందా అన్నది తేల్చుకోవడానికి మానిటర్ మెనూలోని రిఫ్రెష్ కౌంటర్ చూడండి. గేమ్ 97లో నడుస్తుంటే అదీ 97 దగ్గర ఊగిసలాడాలి. 144 దగ్గర కదలకుండా కూర్చుంటే పనిచెయ్యడం లేదు. విండోడ్ లేదా బోర్డర్‌లెస్‌లో ఆడుతున్నట్టయితే జీ-సింక్‌ని ఫుల్‌స్క్రీన్‌తో పాటు విండోడ్‌కి కూడా ఎనేబుల్ చేశారా చూసుకోండి. విండోస్ 11లో గ్రాఫిక్స్ పేజీలో ‘ఆప్టిమైజేషన్స్ ఫర్ విండోడ్ గేమ్స్’ కూడా ఆన్‌లో ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే తెర నేరుగా గ్రాఫిక్స్ కార్డుతో కలిసి ఉందా, లేక ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ గుండా వెళ్తోందా అన్నది అసలు ప్రశ్న. మక్స్ స్విచ్ ఉంటే గేమ్ ఆడేటప్పుడు దాన్ని కార్డు వైపు తిప్పాలి.

ఇదంతా కార్డు 141 ఇవ్వగలిగినప్పటి మాట. అసలు చిక్కు అది ఇవ్వలేనప్పుడే, చాలామంది పట్టించుకోనిదీ ఇదే. గేమ్ 85 నుంచి 130 మధ్య ఊగుతోంది, జీపీయూ వాడకం ఎప్పుడూ 99 శాతం. ఇక్కడ 141 హద్దు ఉన్నా లేనట్టే. కార్డు తన పని ముగించేలోపు ప్రాసెసర్ తర్వాతి ఫ్రేముల పని కూడా సిద్ధం చేసి క్యూలో పెట్టేస్తుంది. మీ మౌస్ కదలిక ఆ క్యూ చివర చేరుతుంది. 80 ఎఫ్‌పీఎస్ దగ్గర ఒక్కో ఫ్రేమ్ 12.5 మిల్లీసెకన్లు. క్యూలో రెండు ఫ్రేములుంటే 25 మిల్లీసెకన్లు అదనం. మీటర్లో 80 కనిపిస్తున్నా చేతికి 50లా అనిపించడానికి కారణం ఇదే. అదే గేమ్‌ని 80 కాకుండా 76 దగ్గర ఆపితే కార్డుకి కాస్త ఊపిరి దొరుకుతుంది, క్యూ ఖాళీ అవుతుంది. మీటర్లో అంకె తగ్గింది, మౌస్ మాత్రం చురుకైంది.

కాబట్టి ప్రతి గేమ్‌కీ హద్దు విడిగా వెతుక్కోవాలి. ఆ గేమ్‌లో అన్నిటికన్నా బరువైన చోటికి వెళ్ళండి, జనం కిక్కిరిసిన నగరమో, పొగా పేలుళ్ళూ నిండిన పోరాటమో. అక్కడ హద్దు లేకుండా ఎంత వస్తుందో చూసి, జీపీయూ వాడకం 90 నుంచి 95 శాతం మధ్యకి దిగేదాకా హద్దుని తగ్గించండి. అలా దొరికిన అంకె మరీ తక్కువ అనిపిస్తే నీడల నాణ్యత, వాల్యూమెట్రిక్ పొగమంచు, రే ట్రేసింగ్ లాంటివి దించండి. హద్దుని మాత్రం పెంచకండి. రిఫ్లెక్స్ ఉన్న గేముల్లో క్యూ సంగతి అదే చూసుకుంటుంది. రిఫ్లెక్స్ లేని చోట డ్రైవర్లోని ‘లో లేటెన్సీ మోడ్’ కొంత ఆదుకుంటుంది కానీ హద్దుతో సమానం కాదు. అదీ డైరెక్ట్‌ఎక్స్ 12 గేముల మీద పనిచెయ్యదు, ఎందుకంటే అక్కడ క్యూ గేమ్ చేతిలోనే ఉంటుంది.

దేనితో ఆపాలన్నదానికి నా వరుస ఇది. మొదట గేమ్ లోపలి లిమిటర్. అది మౌస్ కదలికని చదవకముందే ఆగుతుంది కాబట్టి చదివిన కదలిక తాజాగా ఉంటుంది. దాని గ్రాఫ్ రంపంలా ఉంటే ఆర్‌టీఎస్‌ఎస్ వాడండి. గీత అన్నిటికన్నా చదునుగా వచ్చేది దానితోనే, బదులుగా ఒక ఫ్రేమ్ దాకా ఎడం పెరగొచ్చు. మూడోది డ్రైవర్లోనిది, ఎన్‌విడియాలో ‘మ్యాక్స్ ఫ్రేమ్ రేట్’. రెండు లిమిటర్లని ఒకే అంకె మీద పెట్టకండి, ఒకదాన్నొకటి తొక్కుకుని గ్రాఫ్ చెడగొడతాయి.

గేమ్ మెనూలకి కూడా హద్దు అవసరమే. ఖాళీ మెనూ సెకనుకి వందల, వేల ఫ్రేములు గీస్తూ కార్డుని పూర్తి బరువు మీద నడిపిస్తుంది. కార్డులోని కాయిల్ కీచుమనేది ఎక్కువగా అప్పుడే. 2021లో ‘న్యూ వరల్డ్’ బీటా సమయంలో కొన్ని ఖరీదైన కార్డులు పాడైనప్పుడు, లోపం ఆ కార్డుల్లోనే ఉందని తేలినా, గేమ్ తయారుచేసినవాళ్ళు మెనూకి ఫ్రేమ్ హద్దు పెట్టి అప్‌డేట్ ఇచ్చారు.

వీఆర్ఆర్ లేని తెర మీద

ఇక్కడ భాగహారం రావాలి. 144 హెర్ట్జ్ తెర మీద వీ-సింక్‌తో 60 ఎఫ్‌పీఎస్ గేమ్ ఆడితే, ఒక్కో ఫ్రేమ్ 2.4 వంతులు ఉండాలి. సగం వంతు అంటూ ఉండదు కాబట్టి ఫ్రేములు 2, 2, 3, 2, 3 వంతులు చొప్పున ఉంటాయి. ఒకటి 13.9 మిల్లీసెకన్లు, మరొకటి 20.8. కెమెరా నిదానంగా తిరిగేటప్పుడు ఈ కుంటినడక స్పష్టంగా కనిపిస్తుంది. మానిటర్‌ని 120కి దించితే ప్రతి ఫ్రేమూ కచ్చితంగా రెండు వంతులు ఉంటుంది, కుంటినడక పోతుంది. ‘ఎల్డెన్ రింగ్’ లాగా 60 దాటనివ్వని గేమ్స్‌కి, 60 మీద నడిచే ఫైటింగ్ గేమ్స్‌కి ఇదే మార్గం. హెర్ట్జ్ తగ్గించుకుంటే నష్టం కదా అని వెనకాడొద్దు.

144లోనే ఉండాలనుకుంటే హద్దు 72 లేదా 48. 120లో అయితే 60 లేదా 40. ఈ 40ని తక్కువగా చూడకండి. 30 అంటే 33.3 మిల్లీసెకన్లు, 60 అంటే 16.7, 40 అంటే 25. అంటే సమయంలో చూస్తే 30కీ 60కీ సరిగ్గా మధ్యలో ఉండేది 45 కాదు, 40. పాత కార్డు మీద బరువైన గేమ్ ఆడేవాళ్ళకి 120 హెర్ట్జ్‌లో 40 చక్కటి రాజీ.

60 హెర్ట్జ్ తెర మాత్రమే ఉండి, వీ-సింక్ ఎడం భరించలేకపోతే ఒక ఉపాయం ఉంది. టెస్ట్‌యూఎఫ్ఓ సైట్లో మీ తెర అసలు రేటు దశాంశాలతో చూడండి, అది 59.95 కావచ్చు, 60.02 కావచ్చు. ఆర్‌టీఎస్‌ఎస్‌లో హద్దుని దానికన్నా 0.01 తక్కువ పెట్టండి. ఫ్రేములు క్యూ కట్టడం ఆగిపోతుంది. బదులుగా నూరు సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ రెండుసార్లు కనిపిస్తుంది, అది దాదాపు ఎవరూ గమనించరు.

మిణుకు, వెనక నీడ

వీఏ, ఓలెడ్ ప్యానెళ్ళలో వీఆర్ఆర్ ఆన్ చెయ్యగానే చీకటి సన్నివేశాల్లో తెర మిణుకుమంటోందని ఫిర్యాదులు ఎక్కువ. రిఫ్రెష్ వేగం మారినప్పుడల్లా ఆ ప్యానెళ్ళలో ముదురు బూడిద రంగుల వెలుగు కొద్దిగా మారుతుంది. వేగం గబగబా పైకీ కిందికీ గంతులేస్తే అది మిణుకుగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ గంతు పరిధి అడుగున ఉంటుంది. 48 కిందికి పోగానే లో ఫ్రేమ్‌రేట్ కంపెన్సేషన్ మొదలై ప్రతి ఫ్రేమ్‌నీ రెండుసార్లు చూపిస్తుంది, 47 ఎఫ్‌పీఎస్‌కి తెర 94 హెర్ట్జ్‌కి దూకుతుంది. గేమ్ 46కీ 50కీ మధ్య ఊగుతుంటే తెర 50కీ 92కీ మధ్య గెంతుతూ ఉంటుంది. సెట్టింగ్స్ దించి గేమ్‌ని 60 పైన నిలబెట్టి, అక్కడ హద్దు వేస్తే మిణుకు చాలావరకు పోతుంది. ఇక్కడా మందు స్థిరత్వమే.

మానిటర్ మెనూలోని ఓవర్‌డ్రైవ్ (పిక్సెళ్ళు త్వరగా రంగు మారేలా తోసే సెట్టింగ్) సంగతి క్లుప్తంగా. ‘ఎక్స్‌ట్రీమ్’ అని ఉండే స్థాయి స్పెక్ షీట్లో 1 మిల్లీసెకను అని వేసుకోవడానికి పనికొస్తుంది, ఆడటానికి కాదు. కదిలే వస్తువు వెనక తెల్లటి అంచు పాకుతుంటే ఓవర్‌డ్రైవ్ ఎక్కువైందని, నల్లటి మరక పాకుతుంటే తక్కువైందని అర్థం. చాలా మానిటర్లలో ఈ స్థాయిని గరిష్ఠ హెర్ట్జ్‌ని దృష్టిలో పెట్టుకుని సర్దుతారు, వీఆర్ఆర్‌లో వేగం పడిపోతే అదే స్థాయి అతి అవుతుంది. కాబట్టి 144లో కాదు, మీరు ఆడే హద్దు దగ్గర చూసి ఎంచుకోండి. సాధారణంగా మధ్య స్థాయి సరిపోతుంది.

ఫ్రేమ్ జనరేషన్ వచ్చాక మీటర్ ఇంకా పెద్ద అబద్ధం

2022లో ఎన్‌విడియా డీఎల్‌ఎస్‌ఎస్ 3తో, 2023లో ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ 3తో వచ్చిన ఫ్రేమ్ జనరేషన్, రెండు అసలు ఫ్రేముల మధ్య ఒక కల్పిత ఫ్రేమ్ చేర్చుతుంది. కంటికి నున్నగా కనిపిస్తుంది, నిజమే. కానీ మీ మౌస్, కీబోర్డు కదలికలు కలిసేది అసలు ఫ్రేముల్లోనే. 2025లో డీఎల్‌ఎస్‌ఎస్ 4తో ఒక అసలు ఫ్రేమ్‌కి మూడు కల్పిత ఫ్రేములు చేర్చే స్థాయి వచ్చింది. ఇప్పుడు 120 హెర్ట్జ్ తెర మీద ఆ నాలుగు రెట్ల స్థాయి ఆన్ చేస్తే ఏమవుతుందో చూడండి. వీ-సింక్, రిఫ్లెక్స్ కలిసి హద్దు 116 దగ్గర వేస్తాయి. 116ని నాలుగుతో భాగిస్తే అసలు ఫ్రేములు సెకనుకు 29. కార్డు సొంతంగా 70 ఇవ్వగలిగే గేమ్‌ని మీరే 29కి దించుకున్నట్టు. మీటర్ మాత్రం 116 అని నిండుగా చూపిస్తుంది.

కాబట్టి లెక్క తిరగేసి వెయ్యాలి. అసలు ఫ్రేములు 60 చుట్టుపక్కలైనా ఉండాలి. 144 తెరకి రెండు రెట్లు సరిపోతుంది, అసలువి 69 వస్తాయి. నాలుగు రెట్లకి అర్థం ఉండేది 240 హెర్ట్జ్ నుంచే. 120, 144 తెరల వాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు.

పోటీ గేముల వాళ్ళ వాదన

హద్దు వద్దనేవాళ్ళ దగ్గర ఒక గట్టి వాదన ఉంది. 144 హెర్ట్జ్ తెర మీద 400 ఎఫ్‌పీఎస్ నడుస్తుంటే, తెర గీసే ఏ క్షణంలోనైనా అందే ఫ్రేమ్ 2.5 మిల్లీసెకన్ల కన్నా పాతది కాదు. టియరింగ్ ఉన్నా గీతలు చిన్న చిన్నవిగా చెదిరిపోయి కనిపిస్తాయి. వీ-సింక్, వీఆర్ఆర్ రెండూ ఆపి ఇలా ఆడితే ఎడం తక్కువే. ఈ మాట నిజం. తేలికపాటి షూటర్ గేమ్‌లో, బలమైన ప్రాసెసర్‌తో, ర్యాంక్ కోసం ఆడేవాళ్ళకి ఇది సరైన ఎంపిక కావచ్చు.

కానీ ఆ వాదన నిలబడాలంటే రెండు షరతులున్నాయి. ఫ్రేమ్ రేట్ తెర వేగానికి కనీసం రెట్టింపు ఉండాలి, జీపీయూ 99 శాతం మీద ఉండకూడదు. 170, 180 ఎఫ్‌పీఎస్ వస్తూ కార్డు పూర్తిగా నిండిపోయి ఉంటే, తాజా ఫ్రేమ్ వల్ల మిగిలేది ఒకటి రెండు మిల్లీసెకన్లు, క్యూ వల్ల పోయేది అంతకన్నా ఎక్కువ, పైగా టియరింగ్. ఈ తరగతిలో ఉన్నవాళ్ళే ఎక్కువమంది. పోటీ గేమ్స్‌లో కూడా హద్దు పెట్టుకోండి, కావాలంటే 300 అని పెట్టుకోండి, కార్డు ఎప్పుడూ నిండకుండా ఉండే చోట. లిమిటర్ సెట్టింగ్ ఆ గేముల్లోనే ఉంటుంది.

హద్దు బాగుచెయ్యలేనివి

కొత్త ప్రాంతంలో అడుగుపెట్టిన ప్రతిసారీ, కొత్త ఆయుధం మొదటిసారి పేల్చినప్పుడూ గ్రాఫ్‌లో ఒక్క పొడుగాటి ముల్లు లేచి, అదే చోటికి రెండోసారి వెళ్తే రాకపోతే అది షేడర్ కంపైలేషన్, అంటే బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాముల్ని కార్డు కోసం అప్పటికప్పుడు సిద్ధం చేసుకోవడం. గేమ్ మొదట్లో ‘షేడర్లు సిద్ధమవుతున్నాయి’ అని చూపించే తెరని దాటవెయ్యకండి. డ్రైవర్ అప్‌డేట్ చేశాక ఆ పని మళ్ళీ మొదటికొస్తుంది, కాబట్టి అప్‌డేట్ చేసిన వెంటనే గేమ్ బాగాలేదని తీర్పు చెప్పకండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్లో ‘షేడర్ క్యాష్ సైజ్’ని 10 జీబీ లేదా అంతకన్నా ఎక్కువకి పెంచితే, పది గేములు మార్చి మార్చి ఆడేవాళ్ళకి పాతవి చెరిగిపోకుండా ఉంటాయి.

అదే చోట, అదే మలుపులో ఎన్నిసార్లు వెళ్ళినా ముల్లు లేస్తుంటే అది గేమ్ తన ప్రపంచాన్ని ముక్కలుగా లోడ్ చేసుకునే పద్ధతిలోని లోపం. ఏ హెర్ట్జ్, ఏ లిమిటర్ దాన్ని తుడిచెయ్యలేవు. జీపీయూ వాడకం 60 శాతమే ఉండి ఫ్రేమ్ రేట్ పెరగకపోతే ప్రాసెసర్ ఆపుతోందని అర్థం. అప్పుడు గ్రాఫిక్స్ నాణ్యత దించినా లాభం ఉండదు. జనం సాంద్రత, దూరం దాకా కనిపించే వస్తువుల సంఖ్య లాంటివి తగ్గించాలి, రే ట్రేసింగ్ కూడా ప్రాసెసర్ మీద బరువు పెడుతుంది కాబట్టి దాన్నీ ఆపి చూడాలి. ఆ తర్వాత అదే బరువైన చోట నిలబడి గ్రాఫ్ మళ్ళీ చూసి హద్దుని కొత్తగా లెక్కేసుకోండి, ఎందుకంటే ఇప్పుడు జీపీయూ శాతం చూసి కాకుండా గీత చదునుగా ఉందా లేదా అన్నది చూసి అంకె ఎంచుకోవాలి.